గమ్యము చేరిన మరునాడు

యాత్రలను గురించి వ్రాసినవారు లోకములో కొల్లలుగా ఉన్నారు. బయలుదేరిన ఉదయమును, దారిలో పడిన కష్టములను, గమ్యము కంటబడిన క్షణమును వర్ణించని యాత్రాగ్రంథము ఉండదు. గమ్యము చేరిన మరునాటి సంగతి మాత్రము చాలామంది వ్రాయరు. వ్రాయుటకు అందులో ఏమున్నదని కాబోలు. సూర్యుడు యథాప్రకారముగా ఉదయిస్తాడు. కాళ్ళు సలుపుతూ ఉంటాయి. గోడకు ఆనించిన సైకిలుకు అంటిన దుమ్ము తుడవవలసి ఉంటుంది. నెలల తరబడి కోడికూతకు ముందే నిద్ర లేపిన పని ఒక్కసారిగా లేకుండా పోయినది కనుక, ఇక ఏమి చేయవలెను అన్న ప్రశ్న ఆనాడే మొదటిసారిగా ఎదురవుతుంది. దాటిన దూరము ఎంత పెద్దదో ఆ ప్రశ్న కూడ అంత పెద్దది.

దూరపు సైకిలు సవారీలలో ఈ సంగతి మరీ స్పష్టముగా కనిపించుటకు కారణమున్నది. అక్కడ గమ్యము అంకెలలో ఉంటుంది. 1891లో పియేర్ జిఫార్ అనే ఫ్రెంచి పత్రికా సంపాదకుడు పారిస్ నగరము నుండి అట్లాంటిక్ తీరమునందలి బ్రెస్టు రేవు వరకు పోయి తిరిగి వచ్చే పందెమొకటి ఏర్పాటు చేసినాడు. రానుపోను సుమారు 1200 కిలోమీటర్లు. షార్ల్ తెర్రో అనే వీరుడు కంటికి కునుకు లేకుండా తొక్కి 71 గంటల 22 నిమిషములలో పారిస్ చేరుకున్నాడు. వృత్తి పందెగాండ్రు తరువాతి కాలములో ఆ దారిని విడిచిపెట్టినారు గాని సామాన్యులు విడిచిపెట్టలేదు. నాలుగేండ్లకొకసారి ఆ సవారీ సాగుతూనే ఉన్నది, 2023లోను జరిగినది. ఇప్పుడది పందెము కాదు. 90 గంటలలో పూర్తి చేయవలెను, అంతే. మొదట వచ్చినవానికి బహుమానము లేదు, కడపట వచ్చినవానికి చిన్నతనము లేదు.

అందులో పాల్గొనదలచినవాడు ఆ యేడాదిలోనే 200, 300, 400, 600 కిలోమీటర్ల సవారీలు నాలుగూ ముగించి అర్హత సంపాదించుకోవలెను. మొదటిదానికి పదమూడున్నర గంటలు, రెండవదానికి 20, మూడవదానికి 27, నాలుగవదానికి 40 గంటలు గడువు. దారిలో నియమించిన చోట్లలో కార్డు మీద ముద్ర వేయించుకొనవలెను. రాత్రివేళ దీపములు, వెలుతురు పడితే మెరిసే చొక్కా తప్పనిసరి. చక్రము పగిలినా గొలుసు తెగినా ఎవరిది వారే బాగుచేసుకొనవలెను. ఈ శతాబ్దములో ఈ సవారీలు భారతదేశమునకు కూడ వచ్చి, హైదరాబాదులో సైతము నిలద్రొక్కుకొన్నవి. ఉద్యోగులు, గృహిణులు, విద్యార్థులు వీనిలో పాల్గొంటున్నారు.

ఈ లెక్కలో నిజామాబాదు జిల్లాకు ఒక చిత్రమైన స్థానము దక్కినది. హైదరాబాదు నుండి నాగపూరు పోయే జాతీయ రహదారి మీద బయలుదేరి, కామారెడ్డి దాటి, నిజామాబాదు చేరితే పావు తక్కువ రెండు వందల కిలోమీటర్లు. అక్కడ ఆగక పడమరగా మరొక పాతిక కిలోమీటర్లు సాగితే బోధను పట్టణము. అనగా పదమూడున్నర గంటల మొదటి మెట్టు ఇంచుమించు సరిగా చెరకు నాడులో వచ్చి ముగుస్తుంది. పూర్వము ఇందూరు అని పిలువబడిన నిజామాబాదు పట్టణములో కొండమీది దుర్గము దూరము నుండే కనిపిస్తుంది. నిజాము పాలన చివరి రోజులలో ఆ దుర్గములోని కారాగారమునందే దాశరథి కృష్ణమాచార్యులు బంధింపబడి, బొగ్గుముక్కతో గోడ మీద పద్యములు వ్రాసినాడు. సైకిలువానికి ఆ గోడను చూచే తీరిక సాధారణముగా ఉండదు. గడియారము అతనిని ముందుకు తోస్తూ ఉంటుంది.

పట్టణము దాటిన తరువాత నేల స్వభావము మారుతుంది. రాతిగుట్టలు వెనుకబడతాయి. నల్లరేగడి చేలు, కాలువలు, కాలువగట్ల మీద తుమ్మచెట్లు కనిపిస్తాయి. మంజీరా నదికి అడ్డముగా 1923లో మొదలై 1931లో పూర్తియైన నిజాంసాగరము ఈ నేలకు జీవము. నవాబు అలీ నవాజ్ జంగు అనే ప్రసిద్ధ ఇంజనీరు చేతి మీదుగా అది రూపొందినది. ఆ నీరు వచ్చినందుననే చెరకు వచ్చినది. చెరకు వచ్చినందుననే 1937లో బోధను చెంత నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడినది. దాని చుట్టూ వెలసిన ఊరికి శక్కర్‌నగరమని పేరు పెట్టినారు.

ఇంత దూరము తొక్కి ఇక్కడికి చేరినవాడు సైకిలు దిగి కూర్చున్న తరువాత ఏమవుతుంది? మొదటి గంట సంతోషము. రెండవ గంట ఆకలి. మరునాడు ఒళ్ళు నొప్పులు, వేళ్ళలో తిమ్మిరి. హ్యాండిలు మీద గంటల తరబడి బరువు మోపినందున అరచేతి నరము నొక్కుకుపోయి, తిమ్మిరి కొందరికి వారముల తరబడి ఉంటుంది. దాని వెనుక మరొక తిమ్మిరి మనసుకు పట్టుతుంది. దానికి మందుల దుకాణములో మందు దొరకదు. ఇది సోమరుల జబ్బు కాదు, సాధించినవారి జబ్బు. 1969లో చంద్రుని మీద అడుగిడి వచ్చిన బజ్ ఆల్డ్రిన్, ఆ తరువాత తాను ఎంతటి విచారములో కూరుకుపోయినదీ 1973లో ఒక పుస్తకములో దాపరికము లేకుండా చెప్పుకొన్నాడు. ఈతలో అన్ని ఒలింపిక్ పతకములు గెలిచిన మైకేల్ ఫెల్ప్స్, ఒక్కొక్క ఒలింపిక్ ముగిసిన తరువాత తనను క్రుంగుబాటు పట్టుకొన్నదని బహిరంగముగానే చెప్పినాడు. చంద్రమండలము నుండి వచ్చినవానికే తప్పని దానిని బోధను వరకు తొక్కినవాడు నామోషీగా భావించవలసిన పని లేదు.

ఆ ప్రశ్నకు సమాధానము వెదికేవాడు కూర్చున్న ఊరు సామాన్యమైనది కాదు. పదహారు మహాజనపదములలో దక్షిణాపథమునకు చెందినది అశ్మక మొక్కటే. దాని రాజధాని పోదనము ఈ బోధనే అని చరిత్రకారులు చెప్పుతారు. భీముడు బకాసురుని చంపిన ఏకచక్రపురము ఇదేనని స్థానికులు అంటారు. అది అటుంచి, జైన పురాణములలో బాహుబలి రాజధాని పౌదనపురము. ఆ పౌదనపురము బోధనే అన్న అభిప్రాయము చాలాకాలముగా ఉన్నది. వేములవాడ చాళుక్య ప్రభువు రెండవ అరికేసరి ఆస్థానములో ఉండి 941లో కన్నడములో ఆదిపురాణమును రచించిన పంప మహాకవి ఆ కథను చెప్పినాడు.

కథ విద్యార్థులకు తెలిసినదే కావచ్చును. అన్న భరతుడు లోకమంతా జయించి వచ్చి తమ్ముని కూడ లోబడుమన్నాడు. తమ్ముడు ఒప్పుకొనలేదు. సేనలు ఎందుకు చావవలెనని అన్నదమ్ములిద్దరే తలపడినారు. రెప్ప వేయక ఒకరినొకరు చూచుకొనే దృష్టియుద్ధము, జలయుద్ధము, మల్లయుద్ధము. మూడింటను బాహుబలియే గెలిచినాడు. మల్లయుద్ధములో అన్నను పైకెత్తిన ఆ నిమిషమునే అతనికి గెలుపు మీద విరక్తి కలిగినది. రాజ్యమును అన్నకే వదిలి, అడవికి పోయి, ఏడాదిపాటు కదలక నిలుచున్నాడు. పాదముల చుట్టూ పుట్టలు లేచినవి, తీగలు చేతులకు పెనవేసుకొన్నవి.

దీనిని వైరాగ్యకథగానే చెప్పుట వాడుక. ఒక సంగతి మాత్రము సాధారణముగా మరుగున పడుతున్నది. బాహుబలి ఓడి అడవికి పోలేదు, గెలిచి పోయినాడు. గెలుపు పూర్తిగా చేతికి అందిన తరువాతనే అది తనకు చాలదని అతడు కనుగొన్నాడు. అంతకంటె పెద్ద రాజ్యమును జయించుటకు పోలేదు. పని స్వరూపమునే మార్చుకొన్నాడు.

ఈ పౌదనపురమునకే సంబంధించిన మరొక ఐతిహ్యము సవారీలు చేసేవారికి ఇంకా దగ్గరది. పదవ శతాబ్దమున గంగరాజుల మంత్రి చావుండరాయని తల్లి, పౌదనపురములో భరతుడు నిలిపిన బాహుబలి బంగారు విగ్రహమును గురించి విని, దానిని చూచేవరకు పాలు ముట్టనని వ్రతము పట్టినదట. తల్లిని వెంటబెట్టుకొని కుమారుడు బయలుదేరినాడు. దారిలో శ్రవణబెళగొళ వద్ద విడిది చేయగా, ఆ విగ్రహము సర్పములు కప్పివేసిన చోట ఉన్నది, మీకు చేరశక్యము గాదు అని కలలో తెలిసినది. ఎదుటి కొండ మీదికి బాణము వేయుమన్నారు. బాణము తగిలిన చోట శిలలో బాహుబలి కనిపించినాడట. ఐతిహ్యము సంగతి ఏమైనను, 981 ప్రాంతమున చావుండరాయడు అక్కడ చెక్కించిన సుమారు 57 అడుగుల ఏకశిలావిగ్రహము నేటికీ నిలిచి ఉన్నది. బోధనుకు బయలుదేరి బోధను చేరలేకపోయిన యాత్ర అది. చేరి ఉంటే ఆ విగ్రహము ఉండేది కాదు.

పురాణముల నుండి సైకిలు వద్దకు వస్తే, భూప్రదక్షిణము చేసిన మొదటి సైకిలు యాత్రికుడు థామస్ స్టీవెన్స్. ముందు చక్రము మనిషి ఛాతీ ఎత్తు, వెనుక చక్రము పళ్ళెమంత ఉండే పాతకాలపు సైకిలు మీద, 1884 ఏప్రిలులో శాన్‌ఫ్రాన్సిస్కో నుండి బయలుదేరి, 1886 డిసెంబరులో జపానులోని యోకోహామాలో ముగించినాడు. లాహోరు నుండి కలకత్తా వరకు మన గ్రాండ్ ట్రంకు రోడ్డు మీద కూడ అతని చక్రములు తిరిగినవి. బయలుదేరినప్పుడు అతడు గనులలో పనిచేసిన సామాన్యుడు. దారి పొడుగునా పత్రికలకు వ్రాయుట నేర్చినాడు. భూమిని చుట్టి వచ్చిన తరువాత రెండవసారి చుట్టలేదు. ఒక న్యూయార్కు పత్రిక పక్షమున తూర్పు ఆఫ్రికాకు పోయినాడు. మరొకసారి గుర్రము మీద రష్యా దేశము తిరిగి వచ్చి పుస్తకము వ్రాసినాడు. ముసలితనములో లండనులో ఒక నాటకశాల నిర్వాహకుడైనాడు. సైకిలు నుండి నాటకశాలకు ఏమి సంబంధమని నవ్వవచ్చును. కొత్త జనమును చూచే ఆసక్తి ఒక్కటే అతనిని అన్ని చోట్లకు నడిపించినదని ఆ జీవితమును చూచినవారికి తోస్తుంది.

1923 అక్టోబరులో బొంబాయి నుండి ఆరుగురు పారసీ యువకులు సైకిళ్ళ మీద ప్రపంచయాత్రకు బయలుదేరినారు. ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భుంగారా అనే ముగ్గురు మాత్రమే సుమారు 71,000 కిలోమీటర్లు తిరిగి 1928 మార్చిలో ఇల్లు చేరినారు. మిగిలినవారిలో ఒకడు, గుస్తాద్ హాథీరాం, అమెరికా చేరి అక్కడే ఉండిపోయినాడు. పూర్తి చేసినవారి పేర్లు చరిత్రకెక్కినవి. అమెరికాలో ఆగినవాడు సవారీ తప్పినాడా, లేక తన ఊరు కనుగొన్నాడా అన్నది వేరు ప్రశ్న. ఇరువైపులా వాదించవచ్చును కనుక ఇది పాఠశాలలో వక్తృత్వ పోటీకి పనికివస్తుంది.

బంగాళీయుడు రామనాథ విశ్వాసుది మరొక తీరు. 1931లో సింగపూరు నుండి సైకిలు మీద బయలుదేరి, విడతలు విడతలుగా అనేక ఖండములు తిరిగినాడు. తిరుగుట ముగిసిన తరువాత కలము పట్టి బెంగాలీలో ముప్ఫైకి పైగా యాత్రాగ్రంథములు రచించినాడు. 1955లో మరణించేనాటికి అతడు సైకిలు యాత్రికుడు అనుట కంటె రచయిత అనుటయే సబబుగా ఉండెను.

వీరి కథలలో ఒక పోలిక కనిపిస్తున్నది. రెండవ లక్ష్యము ఆకాశము నుండి ఊడిపడలేదు. మొదటి దారిలో పక్కన కనిపించినదే, అప్పుడు ఆగుటకు వీలులేక దాటిపోయినదే, తరువాత పనియైనది.

చెరకు రైతుకు ఈ విషయమును ఎవరూ నేర్పనక్కరలేదు. మొక్క తోట నరికిన తరువాత నేలలో మిగిలిన మోళ్ళ నుండి పిలకలు లేచి రెండవ పంట అవుతుంది. దానిని కార్శి అంటారు. మళ్ళీ విత్తనపు ముచ్చెలు కొననక్కరలేదు, దుక్కి ఖర్చు లేదు, పంట కొంత ముందుగా పక్వమునకు వస్తుంది. అయితే ఊరకే వదిలివేస్తే అది పంట కాదు. నరికిన కొద్దిరోజులలోనే మోళ్ళను పదునైన పారతో నేలమట్టముగా చెక్కవలెను. చెక్కకపోతే పైకణుపుల నుండి పిలకలు లేచి వేరు లోతుకు దిగవు. మోడు చచ్చిన చోట కొత్త మొక్క నాటవలెను. మొక్క తోటకు వేసిన దానికంటె నత్రజని ఎక్కువగా, అదికూడ తొందరగా వేయవలెను. ఇంత చేసినా రెండు మూడు కార్శిల తరువాత దిగుబడి తగ్గుతుంది, తెగుళ్ళు చేరుతాయి. అప్పుడు మోళ్ళను పెకలించి, నేలకు మరొక పంట రుచి చూపించి, ఆ తరువాత గాని మళ్ళీ చెరకు వేయకూడదు.

200 తరువాత 300, దాని తరువాత 400, 600, 1200 అని అంకె పెంచుకొంటూ పోవుట కార్శి సేద్యమే. తప్పేమీ లేదు. లండను నుండి ఎడింబరోకు పోయివచ్చే 1500 కిలోమీటర్ల సవారీ కూడ లోకములో ఉన్నది. అంకెలకు అంతము లేదు. అంకె పెరిగినకొద్దీ మరునాటి శూన్యము తగ్గుటకు బదులు పెరుగుతున్నదని తోచిననాడు మోడును పెకలించవలసిన సమయము వచ్చినదన్నమాట.

శక్కర్‌నగరములో కూడ ఒక మరునాడు వచ్చినది. అది ఈ కోవలోనిది కాదు. ఆసియాలోనే మిక్కిలి పెద్దదని ఒకప్పుడు పేరు పొందిన ఆ కర్మాగారము 2002లో ప్రైవేటు భాగస్వామ్యము కిందికి పోయినది. 2015 డిసెంబరులో మూతబడినది. గానుగ ఆడని కాలములో చెరకు రైతు వరికి, సోయాకు మరలినాడు. కార్మికుడు పోవలసిన చోటు తెలియక నిలిచిపోయినాడు. లక్ష్యమును సాధించి ఖాళీగా కూర్చున్నవానికి, లక్ష్యమును చేతిలో నుండి లాగివేయగా ఖాళీగా కూర్చున్నవానికి ఒకే ఉపదేశము చెప్పుట అన్యాయము. మొదటివానికి కావలసినది ఆలోచన. రెండవవానికి కావలసినది కూలి. కొత్త లక్ష్యములను గురించి ఉపన్యసించేవారు ఈ భేదమును తరచుగా మరచిపోతుంటారు.

హైదరాబాదు వాస్తవ్యుడు ఆదిత్య మెహతా కథలో ఈ రెండు రకముల మరునాళ్ళూ ఉన్నవి. రోడ్డు ప్రమాదములో అతడు ఒక కాలు పోగొట్టుకొన్నాడు. ఆ తరువాత సైకిలు పట్టుకొన్నాడు. రెండు కాళ్ళు ఉన్నవారికి సైకిలు తొక్కుట తూగు. ఒక కాలు మాత్రమే బలము పెట్టగలిగినప్పుడు ప్రతి చుట్టులో సగము భాగము బలము లేకుండా పోతుంది, శరీరము ఒక పక్కకు ఒరుగుతుంది, కృత్రిమ పాదము తగిలించిన చోట చర్మము ఒరుసుకుపోతుంది. అట్లే సాధన చేసి దూరపు సవారీలు ముగించినాడు. 2013లో ఢిల్లీలో జరిగిన ఆసియా పారా సైక్లింగు పోటీలలో రెండు రజత పతకములు సంపాదించినాడు. అక్కడ ఆగి ఉంటే అదొక సాహసగాథ. అతడు అక్కడ ఆగలేదు. తన పేర ఒక సంస్థ నెలకొల్పి, అంగవైకల్యము గలవారికి క్రీడాశిక్షణ, కృత్రిమ అవయవములు సమకూర్చే పని పెట్టుకొన్నాడు. విధినిర్వహణలో కాళ్ళు చేతులు కోల్పోయిన భద్రతాదళముల జవానులు కూడ అక్కడ శిక్షణ పొందినారు. ఆ సంస్థ నడిపే దూరపు సవారీలలో ఒకటి 2020 చివర కాశ్మీరు నుండి కన్యాకుమారి వరకు సాగినది. సైకిలు అదే, రోడ్డు అదే; ఎవరికోసము తొక్కుతున్నారన్నది మాత్రము మారినది.

నిజామాబాదు జిల్లాకే వస్తే, సైకిలు కాకపోయినా ఇదే ప్రశ్నను మరింత చిన్న వయసులో ఎదుర్కొన్న బాలిక ఒకతె ఉన్నది. సిరికొండ మండలము పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణ వ్యవసాయ కూలీల బిడ్డ. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చదువుతూ, భువనగిరి ఏకశిల మీద మొదటిసారి తాడు పట్టుకొన్నది. డార్జిలింగులో, లడఖ్ చలిలో శిక్షణ పొందినది. 2014 ఏప్రిలులో నేపాలు వైపు హిమపాతమునకు 16 మంది షెర్పాలు బలియైనారు. అదే ఋతువులో టిబెట్టు వైపు నుండి సాధనపల్లి ఆనంద్ కుమార్ అనే మరొక గురుకుల విద్యార్థితో పాటు మే 25న ఎవరెస్టు శిఖరము మీద నిలిచినది. అప్పటికి ఆమెకు 14 ఏండ్లు నిండలేదు. ఆ శిఖరము చేరిన బాలికలలో అందరికంటె చిన్నది.

ఇక్కడ ఉపాధ్యాయులు ఒక్క క్షణము నిలిచి ఆలోచించవలెను. భూమి మీద అంతకంటె ఎత్తయిన చోటు లేదు. 13 ఏండ్ల పిల్ల అక్కడికి పోయి వచ్చి, హాస్టలులో గంట కొడితే పళ్ళెము పట్టుకొని వరుసలో నిలుచోవలెను, లెక్కల పుస్తకము తెరవవలెను. సన్మానములు కొన్ని నెలలు ఉంటాయి. తరువాత? పెద్దవారినే క్రుంగదీసిన మరునాడు ఆ వయసులో రాకూడదని ఏమీ లేదు.

పూర్ణ మొదట చేసినది కార్శి సేద్యమే. ఏడు ఖండముల ఏడు ఉన్నత శిఖరములు ఎక్కదలచినది. 2016లో ఆఫ్రికాలోని కిలిమంజారో, 2017లో ఎల్బ్రస్, 2019లో దక్షిణ అమెరికాలోని అకంకాగువా, ఓషియానియాలోని కార్‌స్టెన్స్, ఆ యేడాది డిసెంబరులోనే అంటార్కిటికాలోని విన్సన్. కడపటిదైన ఉత్తర అమెరికా దెనాలి శిఖరము 2022 జూన్ 5న పూర్తియైనది. ఎనిమిదేండ్లు పట్టినది. ఎత్తులలో చూస్తే ఎవరెస్టు తరువాత అన్నీ దిగుడు మెట్లే. అయినను ఒక్కొక్కటి ఒక్కొక్క రకపు చలి, ఒక్కొక్క రకపు రాయి. ఆ వరుస ఇంకా పూర్తికాకముందే, 2021లో, కావ్య మన్యపు అనే అంతరిక్ష ఇంజనీరుతో కలిసి లడఖ్‌లో 6,000 మీటర్లకు పైబడిన, అంతకుముందు ఎవరూ ఎక్కని శిఖరము నొకదానిని ఆమె ఎక్కినది. బాలికల చదువుకు నిధులు కూర్చుట దాని ఉద్దేశము. ఎనిమిదవ శిఖరము ఏదని అడిగేవారికి ఆమె సమాధానము అప్పటికే సిద్ధమైనదన్నమాట.

ఈ దారి ఆమెతో మొదలైనది కాదు. 1953 మే 29న టెన్సింగుతో ఎవరెస్టు మీద మొదట నిలిచిన ఎడ్మండ్ హిల్లరీ, ఆ తరువాత 1958లో ట్రాక్టరు మీద దక్షిణ ధ్రువము చేరినాడు. అదికూడ ముగిసిన తరువాత, తనను శిఖరమునకు చేర్చిన షెర్పాల పల్లెలలో ఏమి కావలెనని అడిగినాడు. బడి కావలెనన్నారు. 1961లో ఖుంజుంగ్ గ్రామములో బడి కట్టినాడు. దాని వెంట మరికొన్ని బడులు, ఆసుపత్రులు. 1975లో, అతడు ఒక ఆసుపత్రి కట్టిస్తున్న చోటికి బయలుదేరిన భార్యయు, కుమార్తెయు విమాన ప్రమాదములో మరణించినారు. అంతటి దుఃఖములోనూ ఆ పని ఆగిపోలేదు. ఇనుపబూట్లతో మంచు తొక్కినది కొన్ని ఏండ్లు. ఇటుకలు, రేకులు, మేకులు లెక్కపెట్టినది నలభై ఏండ్లకు పైగా. పటములలో మాత్రము శిఖరము మీది బొమ్మయే వేస్తారు.

నిజామాబాదు పట్టణపు బాక్సరు నిఖత్ జరీన్ 2011లో యువతుల ప్రపంచ విజేత. పెద్దల ప్రపంచ విజేత యగుటకు 2022 వరకు, అనగా 11 ఏండ్లు ఆగవలసి వచ్చినది. నడుమ భుజము గాయమొకటి. 2023లో మళ్ళీ గెలిచినది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో పతకము చేజారినది. పోటీ క్రీడాకారులకు తరువాతి తేదీని పంచాంగమే ఇస్తుంది, అది ఒక వరము. దూరమును ఒంటరిగా తొక్కేవానికి ఆ వరము లేదు. తేదీని తానే వేసుకొనవలెను.

పదవ తరగతి ఫలితములు వెలువడిన మరునాడు ఉపాధ్యాయుని చూడవచ్చే విద్యార్థులలో రెండు రకములవారుంటారు. తప్పినవానికి ఏమి చెప్పవలెనో ఉపాధ్యాయునికి తెలుసు; తరతరాలుగా చెప్పుతున్న మాటలే. మొదటి శ్రేణిలో నెగ్గి, మిఠాయి పంచి, ఆ తరువాత గోడ వైపు చూస్తూ కూర్చున్నవానికి చెప్పుటకు మాటలు తక్కువ. ఇంకా పెద్ద అంకె చూపించుట సులభము గనుక సాధారణముగా అదే జరుగుతుంది. ఈ యేడాది చదివినదానిలో, పరీక్షకు రాదని నీవు విడిచిపెట్టి దాటిపోయినది ఏమైనా ఉన్నదా అని అడిగితే, ఆ పిల్లవాడు చెప్పే సమాధానము వినదగినదిగా ఉండవచ్చును.

బోధను చేరిన సైకిలువానికి మరునాడు ఒక పూట తీరిక ఉంటే, ఉత్తరముగా రెంజల్ మీదుగా కందకుర్తి వరకు పోవచ్చును. నేల చదును, దారి కొద్దిసేపటిదే, గడియారముతో పని లేదు. మహారాష్ట్రములోని బాలాఘాటు కొండలలో పుట్టి, 700 కిలోమీటర్లకు పైగా నడిచి, నడుమ నిజాంసాగరమును నింపి చెరకు చేలను తడిపిన మంజీరా అక్కడ గోదావరిలో కలుస్తుంది. హరిద్ర అనే చిన్న ఏరు కూడ కలియుటచేత దానిని త్రివేణి అంటారు. మంజీరా అన్న పేరు అక్కడితో సరి. నీరు మాత్రము గోదావరి వెంట తూర్పుగా సాగి, 1963లో పోచంపాడు వద్ద శంకుస్థాపన జరిగిన శ్రీరామసాగరములో చేరి, కాకతీయ కాలువ పట్టుకొని కరీంనగరము, వరంగల్లు చేల వరకు పోతుంది.